వెల్లకిలా వేసిన విస్తరి

మా అమ్మాయి పెళ్ళి కుదిరిన మర్నాడే వట్లూరులో మా ఇంటికి ఒక ఈవెంటు మేనేజరుగారు ఊడిపడ్డారు. ఆయన సెంటు వాసన ముందు వచ్చి కుర్చీలో కూర్చుంది, వెనకాల ఆయన వచ్చారు. "తక్కువ ఖర్చులో గొప్పగా కనపడే పెళ్ళి మా ప్రత్యేకత అండి" అంటూ లాప్‌టాప్ నా వైపు తిప్పారు. దాని పేరు కొల్లేరు థీమట. మండపం చుట్టూ ప్లాస్టిక్ తామరాకులు, మధ్యమధ్యలో గుడ్డతో కుట్టిన పూలు, ఓ మూల ఫైబరు కొంగ. ఆకుల మీద నీటిబొట్లలాగా గాజుపూసలు అంటించారు. "ఈ బొట్లు నా ఐడియానేనండి. ఎంత కదిపినా జారవు" అన్నారాయన గర్వంగా.

తామరాకు మీద జారని నీటిబొట్టు. ఎవరికైనా నవ్వు రావాలి. నాకు మాత్రం పగ వచ్చింది. ఊరగాయ జాడీ వాసెన విప్పితే ఘాటు కొట్టినట్టు, ఎప్పటిదో పాత పగ గుప్పున ముక్కుకి తగిలింది.

నా చిన్నప్పుడు మా ఇల్లు కొల్లేటి లంకలో ఉండేది. వానాకాలం వస్తే మా ఊరికి రోడ్డు ఉందన్న సంగతి నీళ్ళు మరిచిపోయేవి. బడికి దోనె, సంతకి దోనె, పురుటికి దోనె. మా వీధి పిల్లి పక్కింట్లో పాలు తాగాలన్నా దోనె కోసం చూసేది. పొద్దున్నే ముందు నాచు వాసన, దాని వెనక తడిసిన వరిగడ్డి వాసన, ఆ వెనక ఎవరింట్లోనో పిడకల పొగ. ఈ వాసనలన్నీ వచ్చి హాజరు చెబితే మాకు తెల్లారినట్టు.

ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నాన్న, పెళ్ళికెదిగిన మా చిన్నత్త, నేను. మా నాయనమ్మ ధాన్యపు గాదె తలుపులోంచి వంగకుండా దూరగలిగేంత మనిషి. కోపం మాత్రం వంగినా పట్టేది కాదు. అయితే ఆవిడ కోపం అరుపుల్లో రాదు, మర్యాదలో వస్తుంది. కోపం పెరిగేకొద్దీ మాటల చివర అండీలు పెరుగుతాయి. పాలు ఒలకబోసిన పిల్లిని "అయిందాండీ తమరి ఫలహారం?" అని అడిగిందంటే ఆ పిల్లి వారం దాకా ఇంటి ఛాయలకి వచ్చేది కాదు.

ఇంక గూడెం నాయనమ్మ. ఆవిడ మా తాతయ్యకి స్వయానా వదిన, అంటే మా నాయనమ్మకి తోడికోడలు. తాడేపల్లిగూడెంలో వాళ్ళకి బియ్యం మిల్లు ఉండేది. ఆవిడ గొంతూ ఆ మిల్లూ ఒకేసారి నడిస్తే మిల్లు నడుస్తున్నట్టు తెలిసేది కాదు. ఒంటిమీద ఎంత బంగారమంటే, ఆవిడ పక్కకి తిరగాలంటే ముందు మనిషి తిరిగేది, కాసేపటికి నగలు తిరిగేవి.

వాళ్ళమ్మాయి పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. ఆ పందిరి గూడెంలో మొదలై తణుకులో అయిపోయింది. నేను కొంచెం తగ్గించే చెబుతున్నాను. మమ్మల్ని మొదటి బంతిలోనే కూర్చోబెట్టారు. అరిటాకు, పప్పు, కూర, పులిహోర, ఓ పక్కన వేడివేడి పూర్ణం బూరె. బూరెకి చిల్లి పెట్టి నెయ్యి పోశారు. ఆ నెయ్యి పూర్ణంలోకి ఇంకుతుంటే చూస్తూ, దీన్ని ఆఖర్న తిందామని దాచుకున్నాను. ఆ దాచుకోవడమే నా కొంప ముంచింది.

తాతయ్య పప్పన్నం కలిపి ముద్ద ఎత్తారు. ముద్ద సగం దారిలో ఉండగా గూడెం నాయనమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"మరిదిగారూ, ఏవీ అనుకోకండి. ఏలూరు నుంచి ఆఫీసరుగారు కుటుంబంతో దిగారు. వాళ్ళని నిలబెడితే ఏం బాగుంటుంది? మీరంటే ఇంటివాళ్ళు. తరవాత బంతిలో కూర్చుందురుగాని."

తాతయ్య ముద్దని ఆకులోనే పెట్టేశారు. "దానికేవుంది వదినగారూ" అంటూ ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని లేచారు. ఆయన వెనక మేమంతా లేచాం. నాయనమ్మ అందరికంటే ఆఖర్న లేచింది, కూలిపోయిన గోడ మళ్ళీ తనంతట తాను లేస్తే ఎలా ఉంటుందో అలా.

మా ఆకులు చుట్టి పెరట్లో పారేశారు, నా బూరెతో సహా. ఓ కుక్క వచ్చి దాన్ని వాసన చూసి వదిలేసి వెళ్ళిపోయింది. అది తినేసి ఉంటే నేను ఈపాటికి క్షమించేసేదాన్నేమో. తరవాత బంతిలో బూరెలు అయిపోయాయన్నారు. పులుసులో ముక్క కోసం తాతయ్య చెయ్యి చాలాసేపు ఈత కొట్టింది.

తిరుగు బస్సులో నాయనమ్మ ఏలూరు కనపడుతుండగా అంది. "ఏవండీ, మీ వదినగారు ఎంత మర్యాదస్తులండీ. మనం కూడా ఆవిడకి మర్యాద చెయ్యాలండీ."

అన్ని అండీలు విని తాతయ్య కిటికీ ఊచ పట్టుకున్నారు. "ఏం చేద్దావనే?"

"మన చిన్నదాని పెళ్ళిలో ఆవిడ్ని మొదటి బంతిలో, నడిమధ్యన కూర్చోబెడతానండీ. కూర్చున్న మనిషి మరి లేవకూడదండీ."

"చంపేస్తావా ఏవిటి?"

"అబ్బే. వడ్డిస్తానండీ."

చిన్నత్త సంబంధం అత్తిలిలో కుదిరింది. వాళ్ళు మంచివాళ్ళు, పెట్టుపోతలేవీ అడగలేదు. "పెళ్ళి మాత్రం చూడముచ్చటగా చెయ్యండి, మావాడు ఒక్కడే" అన్నారు. సరిగ్గా ఆ ఏడే వరదొచ్చి మా వరి అంతా చేపలు మేసేశాయి. గాదె ఎంత ఖాళీ అయిందంటే ఎలకలు పెళ్ళాం బిడ్డలతో దోనె ఎక్కి వలస పోయాయి.

ఈ సంగతి తెలిసి గూడెం నుంచి కబురొచ్చింది. 'మీకు జరుగుబాటు కష్టంగా ఉందిట. మా మిల్లు ఆవరణలోనే పెళ్ళి కానిచ్చేద్దాం. పందిరీ భోజనాలూ మేం చూసుకుంటాం.'

అమ్మ "మంచిమాటే కదా అత్తయ్యగారూ" అనబోయి నాయనమ్మ మొహం చూసి ఆ మాటని మధ్యలోనే మింగేసింది. ఆ కబురుకి ఒప్పుకుంటే పెళ్ళి వాళ్ళదైపోతుంది. పెళ్ళికూతురి తల్లి వాళ్ళ పెరట్లో మంచినీళ్ళు అడిగి తాగాలి. బంతిలో ఎవరు కూర్చోవాలో, ఎవరు లేవాలో మళ్ళీ ఆవిడే చెబుతుంది.

"అక్కయ్యగారికి అంత శ్రమ దేనికండీ. పెళ్ళి ఇక్కడేనండీ" అని తిరుగు కబురు పంపింది నాయనమ్మ. పంపి మా అందరినీ అరుగు మీద కూర్చోబెట్టింది. "చేతిలో ఏవుందో చూసి ఏడవకండి. చుట్టూ ఏవుందో చూడండి. ఆవిడ కళ్ళకి ఒక్క వంక దొరికినా మనం ఓడినట్టే."

చుట్టూ ఉన్నది కొల్లేరు. సరే, కొల్లేరునే పందిరి వెయ్యమన్నాం.

పందిరికి జమ్ముగడ్డి కోశారు. తెల్లవీ ఎర్రవీ తామరలు ముహూర్తం వేళకి విచ్చుకునేలా తెల్లవారుజామున కోసి తడిగోతాల్లో పెట్టాలని చిన్నత్తే నియమం పెట్టింది. పెళ్ళికూతురన్న మాటే గాని, ఆవిడే అందరికంటే పెద్ద మేస్త్రీ. "మా అత్తగారు ముందు గుమ్మం చూస్తారు వదినా, అక్కడ మొగ్గలు కాదు, పువ్వులుండాలి" అని అమ్మ మీద అజమాయిషీ చేసేది. వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ ఒక్కో వంట మాదంటే మాదని పంచుకున్నారు. కారు లేదు గనక మగపెళ్ళివారికి దోనెల ఊరేగింపు. తాతయ్య "మరి మేళం?" అని అడిగితే, నాయనమ్మ నీళ్ళకేసి చూపించింది. మా ఊరి బాతులు ఆ రోజుల్లో మామూలుగా అరిచేవి కావు, కీర్తన అందుకునేవి.

పందిట్లో వేలాడే అలంకారాల సంగతి మా లంకలో చర్చి పక్కనుండే టీచరమ్మగారు తీర్చారు. క్రిస్మస్‌కి కట్టే పెద్దపెద్ద కాగితం నక్షత్రాలు, చర్చి బల్లలు, తెల్ల దుప్పట్లు అన్నీ దోనెలో వేసుకుని వచ్చారు. "పెట్టెలో పెడితే చెదలు తినేస్తాయమ్మా. పెళ్ళిలో వేలాడితే వాటికీ కాస్త గాలి తగులుతుంది" అన్నారు. తెల్ల తామరల మధ్య ఆ నక్షత్రాలు కడితే మా పాకపందిరి ఆకాశంలోంచి తెగిపడ్డ ముక్కలా ఉంది.

ఇంక విస్తళ్ళు. ఆ నెల గాలివానకి అరటితోటలన్నీ నేలమీద పడుకున్నాయి. ఆకు కొనాలంటే ఆస్తి రాసివ్వాలి. నాయనమ్మ తామరాకులు కోయించింది. వాటిని తుడిచి, పేర్చి, పెళ్ళినాడు బంతికి వేసే అధికారం నాకిచ్చింది. నన్ను జిల్లా కలెక్టరుగా వేసినా అంత పొంగిపోయేదాన్ని కాను.

తామరాకు వెయ్యడానికో పద్ధతుంది. దాని పైవైపున చుక్క నిలవదు. మేం పిల్లలం దాని మీద నీళ్ళు పోసి గోళీల్లా దొర్లించి ఆడుకునేవాళ్ళం. అటువైపు పులుసు పోస్తే అది పాదరసంలా పరుగెత్తి తినేవాళ్ళ ఒళ్ళోకి దూకుతుంది. అందుకని మావాళ్ళు ఆకుని బోర్లా వేసి, ఈనెలున్న వెనకవైపు వడ్డిస్తారు. లంకలో పుట్టిన పసిపిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. గూడెంలో పుట్టి గూడెంలో మెట్టినవాళ్ళకి తెలియదు.

పెళ్ళినాడు పొద్దున్నే అత్తిలివాళ్ళు దోనెల్లో వచ్చారు. ప్రతి దోనెకీ ముందు తామరపూల గుత్తి, పెళ్ళికొడుకు దోనెకి జమ్ముతో గొడుగు. నీళ్ళ మీద వాళ్ళ నీడలు కూడా ముస్తాబై వచ్చినట్టే ఉంది. వియ్యపురాలుగారు దిగుతూనే "ఇంత అందమైన దారి నేనెక్కడా చూడలేదండీ" అన్నారు. నాయనమ్మ మొహంలో ఏమీ కనపడలేదు. ఆవిడ చూపంతా వెనకొస్తున్న దోనె మీద ఉంది.

అందులో గూడెం నాయనమ్మ ఉంది. ఆవిడ కూర్చున్న వైపు కొల్లేరు పైకి లేచింది. నగలు, కంచిపట్టు చీర, మొహంలో వంక వెతికే చూపు. గట్టు ఎక్కి పందిరిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా జల్లెడ పట్టింది. "బాగానే చేశావు చెల్లీ" అని ఆ మాటని పిండుకుని బయటకి తీసింది. ఇంతలో తల పైకెత్తింది. మొహం వెలిగిపోయింది.

"ఇదేవిటి చెల్లీ, పెళ్ళిపందిట్లో క్రిస్మస్ నక్షత్రాలేవిటి? వియ్యాలవారు ఏవనుకుంటారు?"

మగపెళ్ళివారి తలలన్నీ పైకి లేచాయి. పీటల దగ్గర కూర్చున్న పంతులుగారు దర్భలు సర్దుకుంటూ నెమ్మదిగా అన్నారు. "పట్టపగలు ముహూర్తం పెట్టుకున్నాం కదండీ. అరుంధతిని చూపించమంటే ఏ నక్షత్రాన్ని చూపించను? నేనే కట్టమన్నాను." ఆయన ఏవీ కట్టమనలేదు. నక్షత్రాలు తెచ్చిన టీచరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వియ్యపురాలుగారు "ఎంత ముందుచూపండీ" అని మురిసిపోయారు. పెళ్ళయ్యాక నిజంగానే చిన్నత్తకీ కొత్త మావయ్యకీ ఆ కాగితం నక్షత్రాన్నే చూపించారు. అంత దగ్గరగా అరుంధతిని చూసిన దంపతులు మన దేశంలో ఇంకెవరూ లేరు.

భోజనాలకి పిలిచేసరికి గూడెం నాయనమ్మ బాంబు పేల్చింది. "నాకీవేళ ఒంటిపూట చెల్లీ. కాస్త ఫలహారం చాలు. బంతిలో కూర్చోను."

బస్సులో పుట్టిన శపథం అక్కడితో చచ్చినట్టే. నాయనమ్మ వంటశాల వైపు ఓ చూపు వేసింది. "మీ ఇష్టం అక్కయ్యా. కాళ్ళు కడుక్కుందురుగాని, రండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని, దగ్గరిదారి ఉండగా, వంటశాల పక్కనుంచి తిప్పి తీసుకెళ్ళింది. లోపల బూరెలు వేగుతున్నాయి. బెల్లం, యాలక్కాయ, కాగిన నెయ్యి. గూడెం నాయనమ్మ నడక తగ్గింది. తరవాత ఆగింది. "ఒంటిపూటంటే... పూట ఇదనే అనుకుందాంలే" అంది.

నేను ఆకులు వేసుకుంటూ వస్తున్నాను. మొదటి బంతి, నడిమధ్య చోటు, అత్తిలి వియ్యంకుడుగారి పక్కన. అందరికీ బోర్లా వేశాను. ఆవిడ ముందుకొచ్చేసరికి నా చేతులకి నా బూరె గుర్తొచ్చింది. ఆకుని వెల్లకిలా వేశాను.

వెనక నుంచి పప్పు గిన్నెతో నాయనమ్మ వచ్చింది. ఆకుని చూసింది. "ఏవే పిల్లా, ఆకు..." అని ఆగింది. ఆవిడ కళ్ళల్లో ఒక దోనె అటువెళ్ళి ఇటువచ్చింది. "బాగా వేశావమ్మా" అంది.

పప్పుతోనూ కందబచ్చలి కూరతోనూ ఇబ్బంది రాలేదు. ఆ తరవాత గుమ్మడికాయ పులుసు వచ్చింది. నాయనమ్మ గరిటె వంచగానే పులుసు అన్నాన్ని ముట్టుకోకుండా ముత్యాలై విడిపోయి, ఆకంతా ఓసారి చూసుకుని, తిన్నగా కంచిపట్టు వైపు బయల్దేరింది. గూడెం నాయనమ్మ గబుక్కున కుడిచేతిని ఆనకట్ట వేసింది. అది పక్కదారి పట్టింది. ఎడంచేత్తో ఆకు అంచు ఎత్తిపట్టుకుంది. రెండు చేతులూ పనిలో పడ్డాయి.

మా వైపు వడ్డనలో నోటితో 'చాలు' అంటే ఇంకొంచెం వెయ్యమని అర్థం. చెయ్యి ఆకు మీద అడ్డం పెడితేనే నిజమైన చాలు. ఆవిడకి అడ్డం పెట్టడానికి ఖాళీ చెయ్యి లేదు.

"చాలు చెల్లీ."

"అయ్యో, మొహమాటపడకండి అక్కయ్యా." ఇంకో గరిటె.

"నిజంగా చాలే."

"మీరేవైనా ఇంటివాళ్ళా, సర్దుకుపోవడానికి? అతిథులు కదండీ." ఇంకో గరిటె, దాని వెనక బూరె, బూరె మీద నెయ్యి. ఆ నెయ్యి కూడా పులుసుతో పందెం వేసుకుని పరుగెత్తింది.

పట్టుచీర దక్కాలంటే ఆకులో ఉన్నది తగ్గాలి. తగ్గాలంటే తినాలి. తింటే చోటు ఖాళీ అయిందని నాయనమ్మ మళ్ళీ వడ్డించేది. బంతిలో పెద్దవాళ్ళు ముగించకుండా ఎవరూ లేవకూడదు గనక అత్తిలివాళ్ళంతా ఆవిడ కోసం కూర్చుని, ఊరికే కూర్చోలేక తింటూనే ఉన్నారు. వియ్యంకుడుగారు కళ్ళనీళ్ళతో "ఇంతటి మర్యాద మా వైపు లేదండీ బాబూ" అన్నారు. యుద్ధంలో పక్కవాళ్ళకి కూడా దెబ్బలు తగులుతాయి మరి. పులిహోర, మజ్జిగ పులుసు, మళ్ళీ బూరె, మీగడ పెరుగు. గూడెం నాయనమ్మ నుదుటి చెమట బొట్టుని కరిగించింది. గొంతు మిల్లు ఆగిపోయింది. ఆఖరికి గుసగుసగా అంది. "చెల్లీ, నన్ను లేవనివ్వవే."

నాయనమ్మ అందరికీ వినపడేలా, తేనెలో ముంచి జవాబిచ్చింది. "అంత మాటనకండి అక్కయ్యా. మా ఇంట్లో ఆకు ముందు కూర్చున్నవాళ్ళని లేపే అలవాటు లేదండీ."

వంటశాలలో గిన్నెలు బోర్లించిన చప్పుడు వినిపించాకే వడ్డన ఆగింది. ఆవిడ్ని ఆడవాళ్ళంతా చేరి లేవదీశారు. ఆ కంచిపట్టు మీద చుక్క పడలేదు. అదొక్కటే ఆవిడ గెలిచింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద పడుకుని గురక పెట్టింది. నేను వంటశాల వెనక దాచిన బూరె తెచ్చుకుని ఆవిడ తల దగ్గరే కూర్చుని తిన్నాను. మొదటి ముద్దలోనే తిన్నాను, ఆఖరి దాకా ఆగలేదు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును.

నెల తిరక్కుండా గూడెం వెళ్ళొచ్చిన నాన్న వింతగా మొహం పెట్టుకుని వచ్చారు. "అమ్మా, పెద్దమ్మ ఊరంతా నీ గురించే చెబుతోంది. 'నా జన్మలో అంత ఆదరంగా నాకు ఎవరూ వడ్డించలేదు. కన్నతల్లి కూడా అన్నిసార్లు కొసరలేదు. అందరికీ గరుకువైపు వేసి, నాకొక్కదానికీ ఆకు నున్నటి వైపు వేయించింది' అంటోంది. తణుకు దాకా పాకిపోయింది."

నాయనమ్మ చేతిలో చాట జారిపోయింది. "నాకు అర్థమయ్యేలా చెప్పరా. ఆవిడ... సంతోషించిందా?"

సంతోషించడమే కాదు, ఆ తరవాత వీలు దొరికినప్పుడల్లా దోనె ఎక్కి వచ్చేది. "మా ఇంట్లో అందరికీ నేను వడ్డించడమే చెల్లీ. నాకు వడ్డించే చెయ్యి నీదొక్కటే" అని ఆకు ముందు కూర్చునేది. మీరు ఆవిడ మీద జాలి పడాలని చెప్పడం లేదు. నేను పడలేదు. ఆవిడ తిన్న ప్రతి బూరె నా పాత బూరె మీద ఉప్పు చల్లింది.

అమ్మ ఒకసారి ఉండబట్టలేక అంది. "అత్తయ్యగారూ, అది మర్యాద కాదు, కక్ష అని ఆవిడతో చెప్పేస్తే పోలా?"

నాయనమ్మ పళ్ళు కొరుకుతూ నెయ్యి కాస్తోంది. "ఇంటికొచ్చిన మనిషి మొహం మీద అలా ఎలా అంటాం? బాగోదు" అంది. అని, ఆ నెయ్యి గిన్నె పట్టుకుని, అండీల మీద అండీలు పేరుస్తూ వడ్డించడానికి వెళ్ళింది. ఇద్దరూ పోయేదాకా అలాగే జరిగింది. గూడెం నాయనమ్మ తృప్తిగా పోయింది. మా నాయనమ్మ ఆ మాట గొంతులో పెట్టుకుని పోయింది.

ఇప్పుడు ఆ లంక చుట్టూ చేపల చెరువులు తవ్వేశారు. దోనె వెళ్ళే దారిలో ఐసు లారీలు వెళుతున్నాయి. మా అరుగు లేదు. బంతి భోజనాలు లేవు. ఎవరి ప్లేటు వాళ్ళే పట్టుకుని నిలబడి తింటున్నారు, ఎవరినీ లేపే అవకాశం లేదు, కూర్చోబెట్టి కసి తీర్చుకునే వీలూ లేదు. మర్యాద ఎలా పోయిందో పగా అలాగే పోయింది, రెండింటికీ ఒకే వంటశాల కదా.

గూడెంలో ఆవిడ మనవలున్నారు. ఏ పెళ్ళిలో కనపడినా నా చేతులు పట్టుకుని, "మీ నాయనమ్మగారు మా నాయనమ్మకి చేసిన మర్యాద మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటామండీ" అంటారు. నేను నవ్వుతాను. ఇంటికొచ్చి నిద్రపోను. నాయనమ్మ మర్యాదస్తురాలు, చెప్పలేకపోయింది. నేను అంతటిదాన్ని కాను.

అయ్యా, అమ్మా, గూడెంలో ఉన్నవాళ్ళూ, కాస్త ఇటు వినండి. ఆ రోజు మా పందిట్లో మీ నాయనమ్మకి జరిగింది మర్యాద కాదు. అది పగ. మాకు ఉన్నంతలో, మాకు చేతనైనంత అందంగా తీర్చుకున్నాం. దయచేసి ఇకనైనా కాస్త నొచ్చుకోండి.